తాకితేనే చెప్పాలి

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఈదమ్మ మా ఇంటి ముందరి గదిలో కిరాయికి దిగింది. నారాయణపేట అప్పటికింకా జిల్లా కాలేదు. ఆమెకు నలభై ఆరేళ్లు ఉంటాయి. ఒక రేకుపెట్టె, చాప, నాలుగు గిన్నెలు, భుజానికి వేలాడే తెల్లగుడ్డ సంచి. ఇంతే సామాను. ఏం పని చేస్తావని మా ఆవిడ అడిగితే గుమ్మం బయటే నిలబడి జవాబు చెప్పింది.

"కుష్టు పని జేస్తనమ్మా. ఇంటింటికి తిరిగి మచ్చలు జూస్త. గది ఇయ్యనంటె గిప్పుడే జెప్పు, పెట్టె దించకముందే పోత."

మా ఆవిడ ఒక క్షణం ఆలోచించి పెట్టె దించమంది. మూడో రోజు పొద్దున్నే పిలిచి, చీర కొంగు తొలగించి తన మోచేతి పైన ఉన్న తెల్లమచ్చ చూపించింది. ఆ మచ్చ సంగతి నాకే తెలియదు. ఈదమ్మ దాన్ని గోటితో మెల్లగా గీకి చూసి నవ్వింది.

"శోభి మచ్చమ్మా గిది, కుష్టు గాదు. ఎన్నేండ్ల నుంచి దాస్తున్నవ్?"

"ఆరేండ్లు."

"ఆరేండ్లు గుండెల రాయి వెట్టుకొని తిరిగినవా? ఒక్క మాట అడిగితే అయిపోతుండె."

ఆ రోజు నుంచి ఆమె మా ఇంట్లో కిరాయి మనిషి కాకుండా పోయింది. సాయంత్రాలు వసారాలో కూర్చుని చెప్పిన మాటల్లో నుంచి ఆమె బతుకు నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది.

పుట్టింది మక్తల్ దగ్గరి పల్లెలో. తండ్రి మట్టిపని మనిషి. ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి, ఎక్కడ కట్ట పోస్తే అక్కడికి గుంపుతో పాటు పిల్లలను కూడా తీసుకుపోయేవాడు. ఈదమ్మ పదకొండేళ్ల వరకు ఏ ఊళ్లోనూ ఒక ఏడు నిలబడలేదు. ఆ తర్వాత నాయినకు ఏం తోచిందో, నారాయణపేటలో ఉన్న అవ్వ దగ్గర వదిలిపెట్టాడు. అవ్వ గుడిసె సాలోళ్ల వీధి వెనక. పొద్దున నాలుగింటి నుంచి పొద్దుగూకే దాకా మగ్గాల చప్పుడు. "మొదట్ల ఆ సప్పుడుకు నిద్రవట్టకపోతుండె. తర్వాత సప్పుడాగితె మెలకువొస్తుండె" అనేది.

పదో తరగతి పాసయ్యాక కుష్టు నివారణ పనిలో సర్వేకు తోడుగా తీసుకున్నారు. పెళ్లి అయింది. ఆ భర్తకు ఆమె పని నచ్చలేదు. నేను కావాలో ఆ రోగం కావాలో తేల్చుకొమ్మన్నాడట. "రోగమైతె నెలకు జీతమిస్తది, నువ్వేమిస్తవ్ అన్న" అని చెప్పి నవ్వేది. నవ్వే మాట కాదని ఆమెకూ తెలుసు. ఆయన పుణె పోయి తిరిగి రాలేదు.

మచ్చలు చూసే పనిలో ఆమె పద్దెనిమిదేళ్లు తిరిగింది. దేశంలో కుష్టు చాలా తగ్గిపోయిందని పైనుంచి ప్రకటన వచ్చాక సిబ్బందిని తగ్గించారు. ఈదమ్మ ఇంటికొచ్చేసింది. కొన్నాళ్లు బడిలో వంట చేసింది, కొన్నాళ్లు బట్టల కొట్లో మడతలు పెట్టింది. ఎక్కడున్నా ఎదుటి మనిషితో మాట్లాడుతూనే వాళ్ల చెవి తమ్మెలు, కనుబొమలు చూసేది. అది వదిలించుకోలేని అలవాటు.

ఆమె మా ఇంట్లో దిగడానికి కొద్ది ముందు డాక్టర్ డానియల్ గారు ఒక పరిశోధన మొదలుపెట్టి పాత మనుషులను వెతికినప్పుడు మొదట దొరికింది ఈదమ్మే. ఆయన మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాడు. పరిశోధన చెప్పుకోవడానికి తేలికైనదే. ఒక మనిషికి కుష్టు బయటపడితే అతని చుట్టూ ఉన్నవాళ్లకు, అంటే ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు, కలిసి పనిచేసేవాళ్లకు ఒక్కసారి మాత్రలు ఇస్తారు. అలా ఇస్తే వాళ్లలో కొత్తగా రోగం రాకుండా ఆగుతుందా, ఎంతవరకు ఆగుతుంది అని రెండేళ్లు కనిపెట్టి చూస్తారు. నాలుగు నెలలకొకసారి ఒక్కొక్కరి ఒళ్లు చూడాలి. మచ్చలున్నాయా, మోచేతి దగ్గరి నరం లావెక్కిందా, చేతులకు కాళ్లకు స్పర్శ ఉందా. ప్రతి మనిషికి ఒక కాగితం. ఆ కాగితాల మీదే మొత్తం లెక్క నిలబడుతుంది.

స్పర్శ చూసేది ఒక నైలాన్ పోగుతో. చిన్న పిడికి గుచ్చిన సన్నపు పోగు. చేతి మీద ఆనించి అది కొద్దిగా వంగేదాకా నొక్కాలి, తీసేయాలి. మనిషి కళ్లు మూసుకుని, తాకినట్టు తెలిసినప్పుడల్లా "ఆ" అనాలి. ఒక్కో చేతికి పది చోట్లు. వీధిలో పిల్లలు దాన్ని పిల్లి మీసం అనేవాళ్లు. ఈదమ్మ దాన్ని కళ్లజోడు డబ్బాలో పెట్టుకుని తిరిగేది.

సాలోళ్ల వీధిలో ఒక ముసలాయనకు రోగం బయటపడింది. ఆయన చుట్టూ నూటపన్నెండు మంది లెక్కకు వచ్చారు. వాళ్లలో ఒకడు గుర్వయ్య.

గుర్వయ్యకు అప్పుడు నలభై ఎనిమిదేళ్లు. గుంట మగ్గం మీద బతుకు. ఒక పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగేదాకా గుంటలో నుంచి కాళ్లు తీయని మనిషి అని పేరు. మొదటిసారి పరీక్ష చేసినప్పుడు కూడా ఆయన గుంటలో నుంచి లేవలేదు. కాళ్లు లోపలే ఉంచి, ఒళ్లు పక్కకు తిప్పి కుడిచెయ్యి చాపాడు. వీధిలో మగ్గాలన్నీ నడుస్తున్నాయి. ఆయన భార్య ప్రమీలమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది.

"జల్దిగ కానియ్యమ్మా. సేటు రేపు చీర కావాలన్నడు" అన్నాడు గుర్వయ్య.

"కండ్లు మూసుకో. తాకినప్పుడే జెప్పాలె."

పదిసార్లు తాకింది. పదిసార్లు "ఆ" అన్నాడు. ఎక్కడా తడబడలేదు. మోచేతి దగ్గర నరం వేలికి కొంచెం లావుగానే తగిలింది. కానీ మగ్గం చేసే చేతులకు అది మామూలే అనుకుంది. ఒంటి మీద మచ్చ ఒక్కటీ లేదు. కాగితంలో పదికి పది రాసుకుని పక్కింటికి పోయింది. ఆ వారంలో నూటపన్నెండు మందినీ ముగించింది. మాత్రలు కూడా పంచింది. ఆ మందుకు మరునాడు మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పినా సగం వీధి పరేషానయి మా ఇంటి ముందుకు వచ్చింది.

రెండోసారి చూడాల్సింది నాలుగు నెలల తర్వాత. పనిదినాల్లో పోతే సాలెవాళ్లు విసుక్కుంటున్నారని ఈదమ్మ ఈసారి అమావాస్య రోజు ఎంచుకుంది. అమావాస్యకు ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. మగవాళ్లు ఇంటి ముందు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. వీధి వీధంతా చప్పుడు లేకుండా ఉంటుంది.

గుర్వయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. ఈదమ్మ బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది. ఆ. చూపుడువేలు. ఆ. నడిమివేలు. ఆ. ఇక ఉంగరం వేలు తాకాలనేసరికి ఆమె కళ్లజోడు ముక్కు మీంచి జారింది. పోగు పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసి కళ్లజోడు సర్దుకోబోయింది.

"ఆ" అన్నాడు గుర్వయ్య.

ఆమె కదలకుండా అతని మొహం చూసింది. పోగు గాలిలో ఉంది. ఇంకొక్క క్షణానికి గుర్వయ్య మళ్లీ "ఆ" అన్నాడు. మళ్లీ అంతే ఎడంతో ఇంకోసారి "ఆ" అన్నాడు.

"గుర్వయ్యన్నా, నేను తాకుతలేను గదే."

ఆయన కళ్లు తెరిచాడు. అబద్ధం పట్టుబడినవాడి మొహం కాదది. నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "తాకే వేళయింది గదమ్మా. లెక్క తెలుస్తనే ఉన్నది" అన్నాడు.

"లెక్క గాదు. ఒంటికి తెల్వాలె."

"గట్లని ముందుగాల జెప్పొద్దా? నేను లెక్క తప్పుతనా లేదా అని జూస్తున్నవనుకున్న."

ఈదమ్మ ఆయన పక్కకు జరిగి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఒకసారి తాకి చాలాసేపు ఆగింది, వెంటవెంటనే రెండుసార్లు తాకింది, మళ్లీ ఆగింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు బాగున్నాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు, చిటికెన వేలి వైపు అరచేతి అంచు, ఈ మూడింటికీ ఏమీ తెలియలేదు. పోగు వంగి నిలబడినా గుర్వయ్య ఊరికే కళ్లు మూసుకుని ఉన్నాడు.

లోపలి నుంచి ప్రమీలమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"రెండు నెలల నుంచి జెప్తున్న, ఇంటడా?" అంది. "పోగు తెగితె అతుకవెట్టరాక పండ్లతోని వట్టుకుంటున్నడు. పడుగు మీద చెయ్యి జరిపి యాడ వదులున్నదో కండ్లు మూసుకొని జెప్పేటోడు, ఇప్పుడు దీపం వట్టుకొని దేవులాడుతున్నడు. మొన్న చీరకు వంక వెట్టి సేటు వాపసిచ్చిండు."

"నీకన్ని తెలుసు గదా, నువ్వే జెయ్యి మగ్గం" అన్నాడు గుర్వయ్య.

"చేస్త. నువ్వు కండెలు జుట్టు."

ఆ మాట అప్పటికి ఎత్తిపొడుపే.

సాలెవాడికి ఆ అరచేతి అంచు ఎంత అవసరమో నాకు ప్రమీలమ్మ తర్వాత చెప్పింది. పడుగు మీద ఆ అంచు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు జారిస్తే వేల పోగుల్లో ఎక్కడ ఒకటి సడలిందో చేతికే తెలిసిపోతుంది. కంటికి కనిపించాక సరిచేస్తే అప్పటికే నాలుగు వేళ్ల గుడ్డ పాడైపోయి ఉంటుంది. కుష్టులో మచ్చ లేకుండా ఉత్త నరానికే వచ్చేది ఒక రకం ఉంటుందని ఈదమ్మ చెప్పింది. అది వచ్చిన చేతిలో స్పర్శ పోయిన ఆరు నెలల లోపల మందు పడితే తిరిగి రావడానికి ఆశ ఉంటుంది. ఆరు నెలలు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. గుర్వయ్య చేతికి ఎన్ని నెలలు గడిచాయో ఆయనకే తెలియదు.

ఈదమ్మ అక్కడి నుంచే డానియల్ గారికి ఫోన్ చేసింది. ఆయన నెమ్మదైన మనిషి. విన్నాడు, కాగితాలు తీసి చూశాడు.

"నాలుగు నెలల కింద పదికి పది ఉంది కదా ఈదమ్మగారూ. మచ్చ లేదు. అంత తొందరగా మూడు చోట్లా పోవడం అరుదు. మగ్గం పనివల్ల నరం ఒత్తుకుపోయి ఉండొచ్చు, ఇవాళ్టి పరీక్షలో ఏదైనా తేడా వచ్చి ఉండొచ్చు. ఒక నెల చెయ్యికి విశ్రాంతి ఇచ్చి మళ్లీ చూడండి."

పదికి పది అని రాసింది తనే. ఇప్పుడు మందుకు అడ్డం నిలబడింది ఆ రాత. ఆ రోజు సాయంత్రం ఆమె మా వసారాలో కూర్చుని టీ చల్లారిపోయేదాకా ముట్టలేదు. మొదటిసారి పది ఎట్లా వచ్చింది? గుర్వయ్య లెక్క పెట్టాడు, సరే. తను తాకే సమయం ఆయనకు అంత కచ్చితంగా ఎట్లా తెలిసింది?

మరునాడు పొద్దున మగ్గాలు మళ్లీ నడుస్తున్నాయి. మా ఇంటికి సాలోళ్ల వీధి ఒక గోడ దూరమే. ఈదమ్మ పోగు తెచ్చి నన్ను చెయ్యి చాపమంది. కళ్లు మూసుకున్నాను. ఆమె తాకుతోంది, నేను "ఆ" అంటున్నాను. ముగిసేలోపే బియ్యం ఏరుతున్న మా ఆవిడ చాటలోంచి తల ఎత్తకుండానే అంది:

"ఈదమ్మా, మగ్గం కొట్టినట్టే తాకుతున్నవ్ గదే."

ఈదమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏందమ్మా?"

"విను. అవతల పలక కొట్టుడు, ఇవతల నువ్వు తాకుడు. రెండు ఒక్కసారే అవుతున్నయి."

మేం ముగ్గురం విన్నాం. నిజమే. గోడ అవతల పేక పోగును ఒత్తే మగ్గం పలక ఒక్కో దెబ్బ వేస్తుంటే ఈదమ్మ చెయ్యి తనకు తెలియకుండానే దాంతో పాటు దిగుతోంది. పదకొండో ఏటి నుంచి ఆ చప్పుడులో పెరిగిన చెయ్యి. గుర్వయ్య పుట్టిందే ఆ చప్పుడులో. మొదటి పరీక్ష రోజు వీధి మగ్గాలన్నీ నడుస్తున్నాయి. తాకే మనిషీ, జవాబు చెప్పే మనిషీ ఇద్దరూ పక్కింటి మగ్గం వెంట పోయారు. వేరే ఊరి మనిషి వచ్చి చేసి ఉంటే ఈ తప్పు జరిగేది కాదేమో.

"అయితె గుర్వయ్యదొక్కటే గాదు" అంది ఈదమ్మ. "నూటపన్నెండు కాయిదాలు. అన్ని మగ్గం దగ్గరనే జేసిన."

ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు. ఆమెది ఏడాదికొకసారి రాసుకునే ఒప్పందపు పని. నూటపన్నెండు కాగితాలు నమ్మరానివని చెప్పిన మనిషిని మళ్లీ పెట్టుకుంటారా? ఏమీ చెప్పకుండా నెల ఆగి మళ్లీ పరీక్ష చేస్తే, ఈసారి జాగ్రత్తగా చేస్తే, రోగం అప్పుడే కొత్తగా వచ్చినట్టు కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. నెలే కదా అని నేను అననైతే లేదు గాని, నా మొహం చూసి ఆమె కనిపెట్టినట్టుంది.

"ఆయన చేతికి నెల ఎక్కువ సారూ. ఐదు నెలలయిందో, ఆరయిందో ఎవరికెరుక. రేపటితోని ఆరు నిండుతయేమో."

ఫోన్‌లో చెప్తే మళ్లీ నచ్చజెప్తాడేమోనని రాసి పంపుతానంది. ఉత్తరం నన్నే రాయమంది. నేను పుస్తకాల మనిషిని కాబట్టి మాటలు కుదురుగా వస్తాయని ఆమె నమ్మకం. 'మొదటి విడత పరీక్షలలో మగ్గాల శబ్దం వలన కొంత పొరపాటు జరిగి ఉండవచ్చునని భావిస్తున్నాను' అని రాసి చదివి వినిపించాను.

"జరిగి ఉండుడేంది సారూ? నేను జేసిన. మగ్గాల మీదికి తోసుడేంది? అవి వాటి పని అవి జేసుకుంటున్నయి."

"నీ ఉద్యోగం కోసం కొంచెం జాగ్రత్తగా రాశాను ఈదమ్మా."

"జాగ్రత్తగ రాస్తె ఆయన కూడ జాగ్రత్తగనే చదువుతడు. నెల ఆగుమంటడు."

ఆ కాగితం మడిచి నా పుస్తకంలోనే పెట్టేసింది. తనే రాసుకుంది, ఐదు వాక్యాలు. మొదటి పరీక్ష తప్పు. తప్పు నాది. ఎట్లా తప్పానో ఇదీ. గుర్వయ్య చేతికి ఎన్నాళ్లయిందో తెలియదు. వెంటనే రండి. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పంపింది.

డానియల్ గారు మరునాడు మధ్యాహ్నానికి జీపులో వచ్చాడు. తిన్నగా గుర్వయ్య ఇంటికి పోయి మోచేతి దగ్గర నరం పట్టి చూశాడు. గుర్వయ్య నొప్పికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పట్టుకోమని లాగితే పట్టు నిలవలేదు. ఆయన ఈదమ్మ వైపు తిరిగాడు.

"మీరు రాసింది నిజం. ఇవాళే మొదలుపెడదాం."

"కాయిదాలు?"

"ఆ నూటపన్నెండూ కొట్టేయాలి. పైన నేను చెప్పుకోవాలి. మిమ్మల్ని ఏమంటారో నాకు తెలియదు."

"అననియ్యి సారూ."

ఏమన్నారంటే, ఆమెను రెండు నెలలు పరీక్షల నుంచి తప్పించారు. కార్యకర్తగా ఇంకో అమ్మాయిని పంపి వీధి మొత్తం మళ్లీ చూడమన్నారు. ఈదమ్మను రావద్దనలేదు కాబట్టి ఆ అమ్మాయి వెంట ఆమె కూడా ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంటి ముందూ తనే ముందుగా చెప్పేది, "పోయినసారి నేను జేసింది తప్పయింది, మళ్ల ఒకసారి చెయ్యియ్యండి" అని. కొందరు నవ్వారు. ఒకాయన, మా చేతులు అరిగిపోతాయన్నాడు. చేతులు అరిగితే పని మగ్గానిదే, పోగుది కాదని ఆమె జవాబిచ్చింది.

ఆ తిరుగుడులో ఇంకొకరు దొరికారు. బిక్షమ్మ అని కండెలు చుట్టే డెబ్బై ఏళ్ల మనిషి. రెండు చేతులకూ సగం స్పర్శ లేదు. మొదటి విడతలో ఆమెకూ పదికి పదే.

"పొయ్యి మీది గిన్నె ఉత్త చేతులతోని దించుత" అంది బిక్షమ్మ. "గట్టిదాన్నని మా కోడండ్లందరికి నన్నే జూపెడతరు. ఇరవై ఏండ్ల నుంచి గిట్లనే."

ఈదమ్మ ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని వేళ్లను ఒక్కొక్కటిగా చూసింది. పాత కాలిన గుర్తులు. ఆ చేతులకు ఇక తిరిగి వచ్చేది లేదు, మందుతో రోగం మాత్రం ఆగుతుంది. ఇరవై ఏళ్లలో తను ఆ ఇంటి ముందు నుంచి ఎన్నిసార్లు పోయిందో అని ఆ సాయంత్రం మా దగ్గర ఒక్కసారి అంది. తర్వాత ఎప్పుడూ అనలేదు. ఆ వారమే చింపిగుడ్డలతో రెండు మసిగుడ్డలు కుట్టి బిక్షమ్మకు ఇచ్చి వచ్చింది.

గుర్వయ్యకు మందులు ఏడాది. వాటితో పాటు నరం వాపు తగ్గడానికి ఇంకో మాత్ర, ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ ఆరు నెలలు. మోచెయ్యి ఎక్కువ వంచకూడదని కర్రబద్ద కట్టారు. మగ్గం ఎక్కరాదన్నారు. మగ్గం ఎక్కనివాడికి ఆ వీధిలో ఏం పని? ప్రమీలమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని గుంటలోకి దిగింది. గుర్వయ్య ఎడమచేత్తో రాట్నం తిప్పుతూ కండెలు చుట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు.

"ఏం గుర్వయ్యన్నా, కొత్త కోడలివా?"

"అవునే. అత్త మంచిది గాదు" అనేవాడు.

"చేతులాడియ్యి, నోరు గాదు. కండె అయిపోయింది" అనేది లోపలి నుంచి ప్రమీలమ్మ.

రెండు నెలల తర్వాత ఈదమ్మకు పోగు తిరిగి ఇచ్చారు. గుర్వయ్య చేతిని నెలనెలా చూసే పని ఆమెకే అప్పగించారు. ఎందుకు ఆమెకే అని అడిగితే, ఇకమీద ఈ తప్పు చేయని మనిషి నాకు ఒక్కరే తెలుసు అన్నాడట డానియల్ గారు.

కానీ పని తేలికగా జరగలేదు. గుర్వయ్య లెక్క మానలేకపోయేవాడు. ఆయన మనసులో మగ్గం ఆగదు. ఒకటి, రెండు తాకేసరికి మూడోది తనే అనేసేవాడు. బాగుపడుతున్నానని చెప్పాలనే ఆరాటం కూడా అందులో కలిసింది. "ఆ" అన్నాక గబుక్కున కళ్లు తెరిచి ఈదమ్మ మొహం చూసేవాడు.

"తాకినవా?"

"లేదు."

"గాలికి తెలిసినట్టయింది."

"గాలికి తెలిస్తె గాలికే మగ్గం నేర్పు. కండ్లు మూసుకో."

ఆమె కూడా తన చేతిని సంపాదించుకోవాల్సి వచ్చింది. చెప్పుకోవడానికి తేలికే, ఎడం మార్చి మార్చి తాకాలి. చెయ్యి వినదు. మా వసారాలో రోజూ పొద్దున, మగ్గాలు నడిచే వేళలోనే, ఒక తలగడ మీద పోగు ఆనించి తీస్తూ సాధన చేసేది. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, కలిసినప్పుడల్లా "కలిసింది" అని చెప్పేది. మొదటి రోజుల్లో పదిలో ఆరేడు కలిసేవి. పూర్తిగా విడిపోవడానికి నలభై రోజులు పట్టింది.

మొదటి మూడు నెలలు గుర్వయ్య చేతిలో మార్పు లేదు. నాలుగో నెలలో అరచేతి అంచున ఒకచోట చీమ పాకినట్టుందన్నాడు. ఈదమ్మ నమ్మలేదు, కాగితంలో రాయలేదు. ఐదో నెలలో ఆ చోట తాకితే రెండుసార్లలో ఒకసారి చెప్పాడు. అది కూడా 'అనుమానం' అనే రాసింది. మొహమాటానికి ఒక్క గీతైనా ఎక్కువ పెట్టదని ప్రమీలమ్మ కోపంగా అంది.

ఆరో నెల పరీక్షకు డానియల్ గారు కూడా వచ్చాడు. ఆ రోజు అమావాస్య కాదు. ఈదమ్మ అటు నాలుగిళ్లు ఇటు నాలుగిళ్లు తిరిగి పావుగంట మగ్గం ఆపమని అడిగి వచ్చింది. ఒక్కొక్కటే ఆగాయి. నేను కూడా ఆ అరుగు చివర కూర్చుని ఉన్నాను. ప్రమీలమ్మ గుంటలో నుంచి పైకి రాలేదు, అక్కడి నుంచే చూస్తోంది.

గుర్వయ్య కళ్లు మూసుకున్నాడు. ఈదమ్మ బొటనవేలు తాకింది. ఆ. తర్వాత పోగు పైకెత్తి ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఎవరో వీధిలో సైకిల్ మీద పోయారు, దూరంగా బడి గంట కొట్టారు. మామూలుగా ఐతే ఆయన ఈపాటికి నాలుగుసార్లు "ఆ" అని ఉండాలి. పెదవులు కదిలాయి, మాట రాలేదు. నుదుటి మీద చెమట పట్టింది. ఉన్నది మాత్రమే చెప్పడానికి ఆయన పడుతున్న కష్టం మాకందరికీ కనిపించింది.

ఈదమ్మ అరచేతి అంచు మీద పోగు ఆనించింది. అది కొద్దిగా వంగింది.

"ఆ" అన్నాడు.

ఇంకో వేలెడు కింద ఆనించింది. "ఆ." ఆగింది. ఆయనా ఆగాడు. ఉంగరం వేలి మొదట. "ఆ... తెలిసీ తెలువనట్టు." ఉంగరం వేలి కొన. మాట లేదు. చిటికెన వేలు మూడు చోట్లా తాకింది. పోగు మూడుసార్లు వంగి లేచింది. గుర్వయ్య ఏమీ అనలేదు.

కళ్లు తెరవమంది. ఆయన మొదట ఆమె మొహం చూడలేదు, తన చేతినే చూసుకున్నాడు.

"చిన్నవేలు జూసినవా?"

"జూసిన అన్నా. తెల్వలేదు."

"ఇగ రాదా?"

ఈదమ్మ డాక్టరు వైపు చూడలేదు. "అది వస్తదని నేను జెప్పను" అంది. "అంచు వచ్చింది. అది నిజంగనే వచ్చింది."

గుర్వయ్య లేచి లోపలికి పోయి మగ్గం పక్కన వంగాడు. కట్టుబద్ద ఇంకా ఉంది, చెయ్యి పూర్తిగా చాపలేడు. పడుగు మీద అరచేతి అంచు ఆనించి మెల్లగా పక్కకు జరిపాడు. ప్రమీలమ్మ తన చేతులు వెనక్కి తీసుకుంది. రెండు జానల దూరం పోయాక ఆయన ఆగి, కొంచెం వెనక్కి వచ్చి, ఒకచోట వేలు పెట్టాడు.

"గీడ సడలింది. నేసేటప్పుడు చూసుకుంటలెవ్వా?"

"ఆరు నెలల నుంచి ఎనిమిది పడుగులు దించిన. ఒక్క పోగుకు వంక వెడుతున్నడు" అంది ప్రమీలమ్మ మాతో. వంగి ఆ పోగు సరిచేసింది.

ఈదమ్మ బయట అరుగు మీదే కూర్చుని కాగితం నింపుతోంది. అంచు రెండు చోట్ల ఉంది. ఉంగరం వేలు మొదట అనుమానం, కొన లేదు. చిటికెన వేలు లేదు. డానియల్ గారు పక్కన నిలబడి చూసి, ఆ అనుమానాన్ని ఉందని రాయొచ్చు కదా అన్నాడు. ఆమె తల ఎత్తకుండానే లేదన్నట్టు ఊపి, తేదీ వేసి, సంతకం చేసి ఆయనకిచ్చింది. తర్వాత చెప్పులు వేసుకుని ఎనిమిదిళ్లకూ పోయి, ఇక మగ్గాలు నడుపుకొమ్మని చెప్పి వచ్చింది.